ఆరు వందల నలభై మూడు రూల్స్

జులై 7, సోమవారం

ఈ రోజు మీటింగ్‌లో మా బాస్ నేహా "సింప్లిఫై" అన్న మాట పదకొండు సార్లు వాడింది. లెక్కపెట్టాను. తక్కిన మాటల్లో వినదగ్గది ఏమీ లేదు.

అయిదేళ్లు పట్టింది నాకు ఆ రూల్స్ రాయడానికి. ఆరు వందల నలభై మూడు. వీడియో తీసుకున్న వాడెవడో ఫోన్లో మా యాప్ తెరిచి "సంతోషం" అనో "విరహం" అనో ఎంచుకుని బటన్ నొక్కుతాడు, వెనక సంగీతం దానంతటదే పుడుతుంది. పుట్టడం అంత తేలికని వాడనుకుంటాడు. పాట కింద మూడు నాలుగు స్వరాలు కలిపి పట్టే కార్డ్స్ ఏ వరసలో రావాలో, ఏది దేని పక్కన కూర్చోకూడదో ప్రతి ఒక్కటీ నేను రాసి పెట్టాను. ఇంట్లో లక్ష్మీపతి గారు ఇప్పటికీ కార్డ్ అంటే ఏ.టి.ఎం. కార్డే అనుకుంటారు. ఆయనతో ఇరవై మూడేళ్లు నెట్టుకొచ్చిన దాన్ని, నేహా ఒక లెక్కా.

"అన్నపూర్ణా జీ, ఫోన్ గరమ్ హో జాతా హై" అంది. ఫోన్ వేడెక్కుతుందట. ఒక రూల్ మారిస్తే పది చోట్ల తేడా వస్తోందట, ప్రోగ్రామర్లు ముట్టుకోవడానికి భయపడుతున్నారట. భయపడాలి మరి. ముట్టుకోవడానికి అర్హత ఉన్నవాళ్లు ఆ నోయిడా ఆఫీసులో ఎవరున్నారని?

ఆ అమ్మాయి తండ్రిది అనకాపల్లి. తను పుట్టింది ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో. అర్థం చేసుకోవడం కూడా ఆ పాటిదే.

హైదరాబాద్ నుంచి ఎవరినో రప్పిస్తున్నారు, నా రూల్స్ తగ్గించడానికి.


జులై 8

తగ్గించడం! కూరలో ఉప్పా?


జులై 10, గురువారం

వచ్చాడు. పేరు సాయిప్రకాష్. సిద్దిపేట వైపు. ముప్ఫై ఒకటో ముప్ఫై రెండో ఉంటాయి. సంగీతం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. "పెండ్లిళ్ల ఆర్కెస్ట్రాల కీబోర్డ్ వాయించేది మేడమ్, ఇంజినీరింగ్ చదివేటప్పుడు" అన్నాడు, సిగ్గు లేకుండా. నవ్వుతూ కూడా.

గ్రేడ్ ఎంత అని అడిగాను.

"గ్రేడా? ఏం లేదు మేడమ్. చెవి."

చెవి అట. సికిందరాబాద్ రైల్వే కాలనీలో మిస్ డి'సౌజా దగ్గర పదకొండేళ్లు పియానో నేర్చుకున్నాను నేను. ఎనిమిది గ్రేడ్లు, అన్నీ మొదటి తరగతి. పెళ్లై ఢిల్లీ వచ్చేయడం వల్ల డిప్లొమా రాయలేకపోయాను గానీ, రాసి ఉంటే ఇలాంటి వాళ్ల పక్కన కూర్చోవాల్సిన గతి పట్టేది కాదు.

అతనికి కార్డ్స్ పేర్లు కూడా రావు. మూడే మాటలున్నాయి అతని దగ్గర. ఇల్లు, గల్లీ, బజారు. పాట మొదలయ్యే కార్డ్ ఇల్లు. నాలుగోది గల్లీ. ఐదోది బజారు. "బజార్ల ఎంతసేపు నిలవడ్డా కాళ్లు ఇంటి దిక్కే గుంజుతయి కదా మేడమ్, గట్ల" అన్నాడు. మూడు వందల ఏళ్ల శాస్త్రం ఇతనికి మున్సిపాలిటీ పటం.

పొద్దున్నంతా ఒకటే ప్రశ్న. "గీ రూల్ ఎందుకు పెట్టిన్రు మేడమ్?"

"అలా రాకూడదు కాబట్టి."

"వస్తే ఏమైతది?"

"తప్పు అవుతుంది."

"ఇనడానికి మంచిగుండదా?"

"విషయం అది కాదు."

"మరి ఏంది మేడమ్?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది, జవాబు చెప్పేదాన్ని. రెండు వందల పన్నెండో రూల్ గురించి అడుగుతుంటే టీ టైమ్ అయిందని లేచాను.


జులై 14, సోమవారం

ఒక జాబితా తెచ్చాడు. రూల్స్‌తో పదివేల సంగీతం ముక్కలు తయారు చేయించి, ఏ రూల్ ఎన్నిసార్లు పని చేసిందో లెక్క తీశాడట. రెండు వందల డెబ్భై ఒక్క రూల్స్ ఒక్కసారి కూడా పని చేయలేదు.

"గివి ఊకెనే కూసున్నయి మేడమ్."

అగ్నిమాపక దళం రోజూ పని చేయదు. అలాగని తీసేస్తారా? ఈ మాట అతనితో అన్నాను. బాగా వచ్చింది. నేహా కూడా తలూపింది. కానీ అతను ఒక్క క్షణం ఆలోచించి, "కానీ మేడమ్, మన ఇండ్లల్ల మంట లేచే చాన్సే లేదు. ముందు రూల్సే ఆ దారి మూసినయి" అన్నాడు. ఏదో వివరించాడు. వినలేదు.

సాయంత్రం లక్ష్మీపతి గారితో చెప్పాను, సానుభూతి కోసం కాదు, ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి. ఆయన మంత్రిత్వ శాఖలో అండర్ సెక్రటరీ. కాలం చెల్లిన నిబంధనలు ఏరి తీసేసే సెక్షన్‌లో మూడేళ్లుగా ఉన్నారు. అంతకంటే నీరసమైన పని లోకంలో ఉండదు.

"మా దగ్గర ఒక పద్ధతుందోయ్" అన్నారు చపాతీ తుంపుతూ. "రూల్ తీసే ముందు పాత ఫైల్ తీసి చూస్తాం, అప్పట్లో ఎందుకు పెట్టారని. సగం వాటికి ఏముంటుందో తెలుసా? ఎవడో ఒక ఆఫీసరుకు ఎప్పుడో ఒకసారి అక్షింతలు పడుంటాయి. మళ్లీ పడకుండా ఒక రూల్ రాసేసుంటాడు. అంతే."

"సంగీతం మీ ఫైల్ కాదు."

"నేనలా అన్లేదే" అని పప్పు వడ్డించుకున్నారు. ఈలలో కూడా శ్రుతి నిలవని మనిషి.


జులై 17, గురువారం

ఈ రోజు అతను నాలుగు రూల్స్ తెచ్చి వరసగా బోర్డు మీద రాశాడు.

నూట పద్దెనిమిది: బజారు తర్వాత గల్లీ రాకూడదు. అతని భాషలో రాశాడు. నాలుగు వందల రెండు: ఫలానా శైలిలో రావచ్చు. నాలుగు వందల యాభై అయిదు: రెండుసార్లు వస్తే మాత్రం రాకూడదు. అయిదు వందల ముప్ఫై: ఆఖరి వరుస అయితే నాలుగు వందల యాభై అయిదు వర్తించదు.

"అన్నీ కలిపి చూస్తే మేడమ్, వచ్చినా మంచిదే, రాకున్నా మంచిదే అన్నట్టయింది."

గది నిండా నవ్వారు. అతను నవ్వలేదు. నన్ను చూసి మొహం చిన్నబుచ్చుకుని, "జోక్ చేస్తలేను మేడమ్, నిజంగా" అన్నాడు. జాలి! పెళ్లి ఆర్కెస్ట్రా వాడి జాలి.

ఆ రూల్స్ ఒక్కొక్కటీ ఒక్కో సందర్భంలో వచ్చాయి. ఎవరో ఒక ముక్క బాగా లేదంటారు, నేను పుస్తకం తీసి ఒక రూల్ రాస్తాను. మర్నాడు మరో ముక్క మొద్దుబారిపోయిందంటారు, మరో రూల్ రాస్తాను. శాస్త్రం పెరిగేది అలాగే.

డిప్లొమా విషయం. ఒకసారి రాశాను నిజానికి. ఆ వారం జ్వరం.


జులై 20, ఆదివారం

అతను మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పిలిచింది నేను కాదు. మెట్రోలో లక్ష్మీపతి గారికి కలిశాడట, ఇక్కడే వైశాలిలో రెండు వీధుల అవతల పీజీలో ఉంటున్నాడట, అక్కడ రోజూ రాజ్మాయేనట. ఈయన కరిగిపోయారు.

గోంగూర పచ్చడి మూడుసార్లు వేయించుకున్నాడు. "మా అమ్మ చేసినట్టే ఉన్నది" అన్నాడు. వాళ్లమ్మ చేసినట్టు ఉండడానికి వీల్లేదు. మాది గుంటూరు గోంగూర, ప్రత్యేకంగా తెప్పించింది. చెప్పాను. "అవునా మేడమ్" అని ఇంకొంచెం వేయించుకున్నాడు.

శివభక్తుల కావడి యాత్ర ట్రక్కులు మెయిన్ రోడ్డు మీద వెళుతున్నాయి. ఆ స్పీకర్లకు బీరువా అద్దం కూడా అదురుతోంది. గంట నుంచి ఒకటే కార్డ్. నేను కిటికీలు వేశాను. అతను ఒక కిటికీ తీసి నిలబడి విన్నాడు. "ఒక్కటే కార్డ్ మీద గంట నిలవెట్టుడు మామూలు కాదు మేడమ్" అన్నాడు.

తర్వాత పియానో చూశాడు. వాయించనా అని అడిగాడు. వద్దనే లోపల లక్ష్మీపతి గారు, "వాయించవయ్యా, ఎన్నాళ్లైందో అది మోగి" అన్నారు.

అది అబద్ధం. నేను వాయిస్తూనే ఉంటాను.

కుడి చేత్తో వాళ్ల ఊరి పెళ్లిళ్లలో అప్పగింతలప్పుడు ఆడవాళ్లు పాడుకునే పాట ఒకటి ఎత్తుకున్నాడు. ఎడమ చెయ్యి కింద మూడే చోట్ల తిరిగింది. ఇల్లు, గల్లీ, బజారు. మణికట్టు ఒంగిపోయి ఉంది, వేళ్లు బల్లపరుపుగా. మిస్ డి'సౌజా చూస్తే స్కేలుతో కొట్టేది. మధ్యలో బజారు నుంచి గల్లీకి వెళ్లాడు, నూట పద్దెనిమిదో రూల్ ప్రకారం ఘోరమైన తప్పు. అక్కడే పాటలో పిల్ల గుమ్మం దాటుతుందట. వెళ్లి, ఇంటికి రాకుండా అక్కడే కాసేపు ఆగాడు.

లక్ష్మీపతి గారు కళ్లు తుడుచుకున్నారు. ఆయన టీవీలో సబ్బు ప్రకటనకు కూడా కళ్లు తుడుచుకుంటారు.

నాకు ఏమీ అనిపించలేదు. గిన్నెలు సర్దడానికి వంటింట్లోకి వెళ్లాను.


జులై 22

తొమ్మిదికి తెచ్చాడు.

ఆరు వందల నలభై మూడు నుంచి తొమ్మిది. ఒక పేజీ కూడా లేదు. ఇంటి నుంచి ఎటైనా పోవచ్చు. బజారు నుంచి ఇంటికి రావాలి, లేదా ఎందుకు రాలేదో పాటే చెప్పాలి. వచ్చిన దారినే వెంటనే తిరిగి పోవద్దు. ఇలాంటివి. చిన్న పిల్లలకు రోడ్డు దాటడం నేర్పుతున్నట్టు.

ఫోన్ వేడెక్కడం లేదట. నేహా ఫోన్ బుగ్గకు ఆనించుకుని చూపించింది.

నేనొక్కటే అన్నాను. "సరే, విని చూద్దాం. చెవులున్న వాళ్లు తేలుస్తారు." శుక్రవారం పరీక్ష. ఇరవై నాలుగు ముక్కలు, నలభై సెకన్లవి. పన్నెండు నా రూల్స్‌తో, పన్నెండు అతని వాటితో, కలిపేసి. ఆరుగురు వింటారు. ఏది పాతది ఏది కొత్తది గుర్తుపట్టాలి, పదికి మార్కులు కూడా వేయాలి.

నాకు రెండో కార్డ్‌కే తెలిసిపోతుంది.


జులై 25, శుక్రవారం

పరీక్ష అయింది. పొద్దున విన్నాం, సాయంత్రం అయిదింటికి కాగితాలు ఇచ్చాం.

మధ్యలో భోజనాల వేళ డబ్బా తెచ్చుకోవడానికి సాయిప్రకాష్ సీటు పక్కగా వెళ్లాను. అతను లేడు, లాప్‌టాప్ తెరిచే ఉంది. అజాగ్రత్త మనిషి. ఏ ముక్క ఎవరిదో ఆ జాబితా తెర మీదే ఉంది.

నేను చూడలేదు.

మధ్యాహ్నం నా కాగితం మళ్లీ శుభ్రంగా రాశాను. కొట్టివేతలు ఎక్కువయ్యాయి, అందుకు.


జులై 26

చూసినా మొదటి మూడే. అవి నాకు ముందే తెలుసు.


జులై 28, సోమవారం

ఇరవై నాలుగింట ఇరవై రెండు సరిగ్గా గుర్తుపట్టాను. రెండు తప్పాయి. ఉక్కపోత, ఏసీ సరిగ్గా లేదు.

తక్కిన అయిదుగురూ పన్నెండు దగ్గర, పదకొండు దగ్గర తేలారు. అంటే నాణెం ఎగరేసినట్టే. వాళ్ల మార్కులు రెండింటికీ ఒకేలా ఉన్నాయి. నా మార్కుల్లో మాత్రం నేను పాతవన్నవన్నీ ఎనిమిదికి పైన, కొత్తవన్నవన్నీ అయిదుకు లోపల.

నేహా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "కమాల్ హై, అన్నపూర్ణా జీ! మాకు వినిపించనిది మీకు వినిపిస్తోందంటే ఏదో తేడా ఉన్నట్టే కదా" అని హిందీలో అంది. తీర్పు అయిపోయింది. రూల్స్ ముట్టుకోరు. వేడి సంగతి ఇంకో రకంగా చూస్తారు. సాయిప్రకాష్ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి.

అతను ఆ కాగితాలు చాలాసేపు చూశాడు. "ఇరవై రెండు" అన్నాడు మెల్లగా. నా వైపు చూసిన చూపులో కోపం ఉంటుందనుకున్నాను. లేదు. గుళ్లో నిలబడ్డట్టు చూశాడు.

అది నాకు రావలసిందే. ఆలస్యంగా వచ్చింది, అంతే.

సాకేత్‌లో పెట్టుబడి పెట్టే పెద్దమనిషి ఒకడున్నాడట. ఆరో తేదీన అతని ముందు నేను ఇలాగే విని గుర్తుపట్టి చూపించాలట. "మెషిన్ కాదు, మనిషి చెవి. అదే మన కథ" అంటోంది నేహా.

చూపిస్తాను. అందులో ఏముంది?


జులై 30, బుధవారం

సాయిప్రకాష్ ఈ రోజు లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఒక్క గంట ఇస్తరా మేడమ్? మూడు దినాలు అవే ముక్కలు ఇన్న. నాకు తేడా ఇనపడ్తలేదు. మీకు ఎట్ల ఇనపడ్డదో జర నేర్పున్రి."

నేర్పాను. ఎందుకు నేర్పకూడదు? నాకు తెలియనిదా?

అతని ముక్క ఒకటి, నాది ఒకటి పెట్టాను. "మీ వాటిలో కింది స్వరం అడుగు వేసే ముందు ఆలోచించదు. నా వాటిలో ఆలోచిస్తుంది" అన్నాను. రాసుకున్నాడు. "మీవి ఊపిరి తీసుకోవు." రాసుకున్నాడు. "మధ్య స్వరాల్లో ఒక అత్యాశ ఉంటుంది." అత్యాశ కింద గీత గీశాడు. నాకే ఆశ్చర్యం వేసింది, మాటలు ఎంత సులువుగా వస్తున్నాయో.

మళ్లీ మళ్లీ విన్నాడు, కళ్లు మూసుకుని. పదోసారో పదకొండోసారో కళ్లు తెరిచి, "ఇప్పుడు కొంచెం ఇనపడ్తున్నది మేడమ్" అన్నాడు.

మంచిదన్నాను.

"మా కజిన్ కంపెనీ ఉన్నది, హైదరాబాద్ల. హాస్పిటల్ బిల్లుల సాఫ్ట్‌వేర్. అండ్లకు పోతున్న" అన్నాడు నోట్‌బుక్ మూస్తూ. "చిన్నప్పటికెల్లి నాకు చెవి ఉన్నదనుకున్న. అందరు అన్నరు. లేదని ఇప్పుడన్న తెలిసింది. మంచిదే మేడమ్, ముప్ఫై దాటినంక తెలిసినా మంచిదే."

వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. ఆఫీసులో, అందరి ముందూ.

వినయం అలవడింది. అతనికి మేలే చేశాను.


ఆగస్టు 1

అన్నం తినాలనిపించలేదు. వర్షం పడేలా ఉంది, పడదు.


ఆగస్టు 6, బుధవారం

సాకేత్. మాల్ వెనక వీధిలో ఆఫీసు. ఆ పెద్దమనిషికి నలభై ఉంటాయి. నన్ను "ఆంటీ జీ" అన్నాడు. పన్నెండు ముక్కలు, కొత్తగా తయారు చేసినవి. మనవాళ్లే పెద్ద స్పీకర్లు తెచ్చారు.

నాకు నిజంగానే నమ్మకం ఉండేది. ఇది రాసి పెట్టాలి. ఆ జాబితా నేను చూసి ఉండకపోయినా తెలిసేదే, అది ఊరికే ధ్రువపరిచింది, అంతే అనుకుంటూ వెళ్లాను. మెట్రోలో అనుకున్నాను, మెట్లెక్కుతూ అనుకున్నాను.

మొదటిది పాతది అన్నాను. రెండోది కొత్తది. మూడోది వింటుంటే అర్థమైంది, నాకేమీ వినిపించడం లేదని. సంగీతం వినిపిస్తోంది. బాగుంది. ఎవరిదో తెలియడం లేదు. నాలుగోది ఇంకా బాగుంది. ఇది నాదే అనుకున్నాను, నాదే అని చెప్పాను కూడా, కొంచెం గర్వంగా. అది తొమ్మిది రూల్స్‌ది.

పన్నెండింట అయిదు.

ఆ పెద్దమనిషి మర్యాదగా నవ్వాడు. "కోయీ బాత్ నహీ ఆంటీ జీ. నాకు నాలుగోదీ, తొమ్మిదోదీ, పదకొండోదీ బాగా నచ్చాయి. అవి ఎవరివి?" అని అడిగాడు. నేహా జాబితా చూసింది. మూడూ కొత్తవే.

తిరుగు దారిలో కారులో నేహా ఆ జాబితా మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాత, "ఉస్ దిన్ బాయీస్ కైసే ఆయే?" అని అడిగింది. ఆ రోజు ఇరవై రెండు ఎలా వచ్చాయి?

"ఆ రోజు చెవి బాగుంది" అన్నాను.

"ఠీక్ హై" అంది, కిటికీ వైపు తిరిగి.

ఆ రెండు మాటల్లో ఉన్న చులకన నాకు తెలుసు. నేను జీవితమంతా వాడినదే. నా మీద ఎవరైనా వాడగా వినడం మాత్రం ఇదే మొదలు.


ఆగస్టు 7, గురువారం

రాసి పెడుతున్నాను.

పొద్దున ఇరవై నాలుగు ముక్కలూ నిజాయితీగానే విన్నాను. తోచిన మార్కులు వేశాను. భోజనాల వేళ జాబితా చూశాను. అన్నీ చూశాను. నా కాగితంతో పోల్చుకున్నాను. పది మాత్రమే సరిగ్గా గుర్తుపట్టాను. నేను తొమ్మిదో పదో మార్కులు వేసినవి పది ఉంటే, వాటిలో ఎనిమిది అతనివి. ఆ కాగితం చింపి టాయిలెట్‌లో వేసి కొత్తది రాశాను. రెండు కావాలనే తప్పు రాశాను, అనుమానం రాకుండా.

డిప్లొమా రెండుసార్లు రాశాను. జ్వరం లేదు. రెండుసార్లూ తప్పాను. రెండోసారి పరీక్షాధికారి కింద ఒక ముక్క రాశాడు: నియమాలన్నీ తెలుసు, చెవి ఇంకా రావాలి.

పదకొండింటికి సాయిప్రకాష్‌కు ఫోన్ చేశాను. వెనక ఎవరో రసీదు నంబర్లు చదువుతున్నారు. చెప్పాను.

"చూసి రాసిన్రా?" అన్నాడు.

"అవును."

"మొత్తం?"

"మొత్తం."

 రసీదు నంబర్ల చప్పుడు దూరమైంది, బయటికి నడిచినట్టున్నాడు.

"గా నోట్స్ నేను రోజు చదువుతున్న మేడమ్" అన్నాడు. "కింది స్వరం ఆలోచించదు అని. మధ్యల అత్యాశ అని. బస్సుల పోయేటప్పుడు పాటలు ఇనుకుంట దాన్నే ఎతుకుతున్న. నాకు ఇనపడ్డది గూడ. లేనిదాన్ని ఇన్న నేను. తెలుస్తున్నదా మీకు? లేనిదాన్ని ఇనబెట్టిన్రు నాకు."

నేను క్షమించమని అడగలేదు.  దానికి బదులు ఆ ఎనిమిది సంగతి చెప్పాను. నాకు బాగా నచ్చిన పదింటిలో ఎనిమిది మీవే అని.

"గది నాకెందుకు చెప్తున్నరు? నేహా మేడమ్‌కు చెప్పున్రి" అని పెట్టేశాడు.

నాలుగింటికి నేహాకు చెప్పాను. నిలబడే చెప్పాను. అరుస్తుందనుకున్నాను, ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆమె ల్యాప్‌టాప్ మీద నుంచి తలెత్తి, "అచ్ఛా" అంది. తర్వాత, "తో అబ్ షిప్ క్యా కర్నా హై? జనానికి పంపేది తొమ్మిదేనా?" అంది. అంతే. అయిదేళ్లు నేను కాపలా కాసిన రూల్స్ మోసానికి దిగేంత విలువైనవని ఆ గదిలో నేనొక్కదాన్నే అనుకున్నాను.

సాయంత్రం లక్ష్మీపతి గారికి చెప్పాను.  "ఆ కుర్రాడు మళ్లీ వాయిస్తాడంటావా?" అన్నారు. నా గురించి ఏమీ అడగలేదు.


ఆగస్టు 11

నేహా మళ్లీ పిలిస్తే సాయిప్రకాష్ రానన్నాడు. అతని తొమ్మిదిని పెట్టి, నా వాటిలో ఏవి ఉంచాలో తేల్చే పని నాకే ఇచ్చారు.


ఆగస్టు 13

నూట ఇరవై రూల్స్ తీశాను. ఏమీ కాలేదు.


ఆగస్టు 22, శుక్రవారం

అయిపోయింది. ఒక్కొక్కటే ఆపి, వినేదాన్ని. మొదటి వారం ప్రతి రూల్‌కూ వాదించాను, గదిలో ఎవరూ లేకపోయినా. రెండో వారం వాదన తగ్గింది. కొన్ని తీస్తే ముక్క తేలికపడేది, ఒళ్లు విరుచుకున్నట్టు. నిన్నటికి అతని తొమ్మిదీ, నాది ఒకటీ మిగిలాయి. అది నాదేనని నాకే నమ్మకం కలగలేదు. చివరి వాక్యం ఇంటికి చేరే ముందు తాళం ఒక చుట్టు ఖాళీగా వదలాలి, ఏ కార్డూ లేకుండా. అయిదు వందల ఎనభై ఆరో రూల్. ఏ పుస్తకంలోనూ లేదు. ఎప్పుడు, ఏమనుకుని రాశానో గుర్తు లేదు.

ఈ రోజు మధ్యాహ్నం ఆ పదింటితో చేసిన ముక్క అతనికి పంపి ఫోన్ చేశాను. ఎత్తుతాడనుకోలేదు. ఎత్తాడు గానీ, మేడమ్ అనలేదు.

"ఇన్న. గా ఖాళీ ఎవరు పెట్టిన్రు?"

"నేనే. తీసేయమంటే తీసేస్తాను."

"ఉంచున్రి. మంచిగున్నది."

గొంతులో స్నేహం లేదు. నచ్చిందని చెప్పాడు, అంతే. ఇరవై మూడేళ్లలో నన్ను ఎవరూ అంత నిష్పక్షపాతంగా మెచ్చుకోలేదు.

ఇంక మిగిలింది ఒకటే. యాప్‌లో "మా గురించి" అన్న పేజీ ఉంది. అందులో "సంగీత నియమాలు: అన్నపూర్ణేశ్వరి" అని ఉంటుంది. అతని పేరు పెడతానని చెప్పాను. నా పేరు తీసేసి అతనిది ఒక్కటే పెడతాననాలని ఫోన్ చేశాను నిజానికి. "మీ పేరు కూడా" అని బయటికొచ్చింది.

నవ్వాడు. అతను నా మాటకు ఎగతాళిగా నవ్వడం అదే మొదటిసారి. "పది రూల్స్‌కు పేరేంది? పదీ ఒక్క కాగితం మీద పడ్తయి. మీదే ఉంచుకోన్రి" అన్నాడు. "నాకు డ్యూటీ ఉన్నది."

పెట్టేశాక ఆ పేజీ తెరిచి చాలాసేపు కూర్చున్నాను. నేహా అయిదు గంటలకు సర్వర్ మీదికి పంపుతానంది. అయిదైంది, పంపేసింది.

అతని పేరు పెట్టలేదు. నా పేరు తీయలేదు. అతను వద్దన్నాడు కాబట్టి అని రేపు రాసుకుంటానని తెలుసు, అందుకే ఇవాళే రాస్తున్నాను.